ఐస్‌గడ్డ మీద ఫ్రిజ్

పెళ్లి క్యాసెట్ల మీద పేర్లు తిప్పీ తిప్పీ నాకు విసుగొచ్చింది. పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురి పేరూ గిర్రున తిరుగుతూ వచ్చి ఒక గులాబీలో కూర్చోవాలి. తొంభై ఏడులో సిద్దిపేటలో కంప్యూటర్‌తో చేయించుకునే పని అంతే. అందుకే ఫ్రిజ్‌ల దుకాణం హరికిషన్ సేటు వచ్చి, ఎండాకాలం కేబుల్ టీవీలో వేసేందుకు ఒక ప్రకటన చెయ్యమంటే ఎగిరి గంతేసినంత పని చేశాను. పెద్ద ఐస్‌గడ్డ, దాని మీద తెల్లటి ఫ్రిజ్, అంతా కంప్యూటర్‌లోనే పుట్టాలి. ఇది కుదిరితే చుట్టుపక్కల దుకాణాలన్నీ నా దగ్గరికే వస్తాయి. కుదరకపోతే ఆ కంప్యూటర్ డబ్బా అమ్మేసి మళ్లీ కెమెరా భుజాన వేసుకొమ్మని నా భార్య జ్ఞానేశ్వరి తేల్చి చెప్పింది.

ఐస్ చెయ్యడం ఏం బ్రహ్మవిద్య, ఓ పెట్టె గీసి లోపలికి కనబడేలా చేస్తే సరి అనుకున్నాను. వచ్చింది గాజు. చేపల్లేని చేపల తొట్టి. నీలం కలిపితే బట్టల సబ్బయింది, తెలుపు కలిపితే కర్పూరం బిళ్లయింది. ఒక్కో బొమ్మకు కంప్యూటర్ గంటలు తినేది, ఈలోగా కరెంటు పోయేది, పని మళ్లీ మొదటికొచ్చేది. నేను కాలు కాలిన పిల్లిలా మేడ మీది దుకాణంలోకీ కింద రోడ్డు మీదికీ తిరిగేవాణ్ణి. ఇంట్లో అన్నం ముందు కూర్చుని నీళ్ల గ్లాసును వెలుతురుకెత్తి చూస్తుంటే జ్ఞానేశ్వరి దాన్ని లాక్కుని గటగటా తాగేసింది.

నిజానికి ఐస్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అటు పోవడానికే మనసొప్పలేదు. అంతకు ముందు ఒక ఎండాకాలంలో బాపు, అంటే మా నాన్న, పోయాడు. తమ్ముడు భీవండి నుంచి వచ్చేదాకా ఆయన్ను ఐస్‌గడ్డల మీద పడుకోబెట్టాం. బాపు ముఖం చూడలేక పగలంతా ఆ గడ్డనే చూస్తూ కూర్చున్నాను. అంచులు తేటగా ఉంటాయి, నడుమ మాత్రం విరిగిన పాలలా తెల్లగా ఉంటుంది. ఆ తెలుపులోంచి వెంట్రుకల్లాంటి గాలి గీతలు బయటికి సాగుతాయి. మూలలు ముందుగా కరిగి గుండ్రమవుతాయి. పైన అక్కడక్కడా రంపపు పొట్టు అంటుకుని ఉంటుంది.

గడువు మీదికొచ్చేసరికి సిగ్గు విడిచి అదే చేశాను. ఎక్కణ్ణించి తెచ్చానో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. గాజుపెట్టె నడుమ తెల్లటి మబ్బు పెట్టాను, గాలి గీతలు లాగాను, మూలలు కరిగించాను, పొట్టు కూడా చల్లాను. బొమ్మ తెర మీద పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. అది ఐసే. గర్వమూ కలిగింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు సేటు తన తల్లి భారతమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఊ అనకుండా వాళ్ల దుకాణానికి కొత్త బోర్డు కూడా ఎక్కదు. నేను కుర్చీ వేసి బొమ్మ చూపించాను. ఆమె కాళ్ల చెప్పులు విడిచి పక్కకు నెట్టింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"ఎవ్వలు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది.

సేటు ముఖం మాడిపోయింది. అంతదాకా బాగుందన్నవాడు మళ్లీ తెర వంక చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఫ్రిజ్ సూపెట్టుమంటే పీనుగను సూపెట్టినవ్ గద దత్తాత్రీ," అన్నాడు నాతో.

ఈ ఊళ్లో ఇంటి ముందు అంత గడ్డ దిగిందంటే ఎందుకు దిగిందో చిన్న పిల్లలకు కూడా తెలుసు. నాకే తట్టలేదు. లోకంలో నా ఒక్కడి బాపే పోయినట్టు లెక్క వేసుకున్నాను. ఈ ప్రకటనా వద్దు, ఇంకోటీ వద్దని చెప్పి సేటు మెట్లు దిగిపోయాడు.

భారతమ్మ లేవలేదు. తన పెనిమిటి పోయిననాడు తనను దగ్గరికి పోనివ్వలేదని, ఆడవాళ్లంతా పట్టుకుని దూరంగా కూర్చోబెట్టారని, ఐస్ కరిగిన నీళ్లు మాత్రం తన కాళ్ల దాకా వచ్చాయని మెల్లగా చెప్పింది. చెప్పి, చెయ్యి చాపి, తెర మీద గడ్డ ఉన్నచోట అరచేయి ఆనించింది.

"ఎచ్చగున్నదేంది బిడ్డా," అంది.

పొద్దున్నుంచి నడుస్తున్న డబ్బా వేడెక్కదా మరి. కింద నుంచి సేటు తల్లిని పిలుస్తున్నాడు. నేను ఆమె కుర్చీని తెరకు ఇంకొంచెం దగ్గరికి జరిపాను.