పన్నెండు రోజుల పులిజూదం

కుప్పుసామి నాయకర్ పులుల్ని తీసుకున్నాడు. నీకేవి కావాలని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆండిపట్టి కనుమ మొదలుకొని కంబం దాకా పులిజూదంలో ఆయన ముందు మధ్యాహ్నం దాటి నిలిచిన మనిషి లేడు. చావడి బండ మీద చెక్కిన గీతల ముందు బాసింపట్టు వేసుకొని, మూడు నల్లరాళ్ళు అరచేతిలో ఆడిస్తూ, ఎదురుగా కొంగు సర్దుకొని కూర్చుంటున్న తమ్ముడి పెళ్ళాన్ని చూసి నవ్వాడు.

"ఏం పాంచాలీ! మీ నాయన తెలుసుకొనే పెట్టినట్టుండాడు పేరు. ఆ పాంచాలిని మొగుళ్ళు జూదంలో ఒడ్డినారు. నువ్వు నిన్ను నువ్వే ఒడ్డుకుంటా ఉండావు."

చావడి అంతా గొల్లుమంది. పాంచాలి పదిహేను తెల్లరాళ్ళను ముందు పోసుకొని, ఒక్కొక్కటే తుడుచుకుంది.

"నన్ను కాదు బావా, చేనును. దాన్ని కూడా నేను ఒడ్డలేదు. మీరు లాక్కోను వచ్చినారు."

ఆ మాటకు నవ్వు కొంచెం తగ్గింది.

సంగతి ఇది. ఆమె మొగుడు పళనివేల్ దగ్గుతో తీసుకొని తీసుకొని పోయి పదహారు నెలలైంది. పిల్లలు లేరు. అక్కడి కొలతలో నాలుగు కుర్కాల నల్లరేగడి చేను, ఒక కొట్టం, రెండెద్దులు మిగిలాయి. దిండుగల్లు సీమ కంపెనీ దొరల చేతికి పోయి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. ఏ చేను ఎవరిదో ఒక్కొక్కరి పేరుతో పట్టా రాసేదానికి ఆడి నెలాఖరున, అంటే ఆషాఢం పోతుండగా, తాసిల్దారు వచ్చి డేరా వేస్తాడని ఊళ్ళో చాటింపు వేశారు. మొగదిక్కు లేని చేను తన పేర రాయించుకుంటానని కుప్పుసామి అన్నాడు. ఆమె తన ఇంట్లో ఇంత తిని, ఇంత వండిపెట్టి, పడి ఉంటుందన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు. గేదెను తోలుకొచ్చి మన కొట్టంలో కట్టేద్దాం అన్నంత మంచిగానే అన్నాడు. పాంచాలి వేండాం, వద్దంది.

ఆ ఊరి తెలుగువాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. తాతలు ఉత్తరాన్నించి దిగివచ్చినప్పటిది. ఒక ఇంటి పంగాళుల, దాయాదుల మధ్య చేను తగవు వస్తే అది ఊరి పొలిమేర దాటకూడదు. రెండు పక్కలా ఎంతో కొంత న్యాయం ఉందని ఊరిపెద్దకు తోస్తే చావడి బండ మీద పులిజూదం ఆడించాలి. గెలిచినవాళ్ళ మాటే ఊరి మాట. మూడు రోజుల్లో తేలకపోతే ఆట సమం అని చెప్పి చేను చెరిసగం చెయ్యాలి.

ఆ చివరి మాటను కుప్పుసామే కొట్టేయించాడు.

"శంకరన్ మామా, ఆడదానితో ఆట. రెండో రోజు తలనొప్పి అంటాది, మూడో రోజు ఒంట్లో బాగలేదంటాది, సగం చేను పట్టుకొని పోతాది. సమం అనేది లేదని ఇప్పుడే చెప్పు. ఎవరు చాలని లేస్తే వాళ్ళు ఓడినట్టు. పొద్దు పొడిచేసరికి బండ దగ్గరికి రానివాళ్ళు కూడా ఓడినట్టే."

ఊరిపెద్ద శంకరన్ ముసలాయన. పాంచాలి వైపు తిరిగి, "ఏమమ్మా, నీ తరఫున కంబం నుంచి మీ అన్నను పిలిపించనా?" అని అడిగాడు.

"మా అన్నకు ఆ చేను ఏ దిక్కున ఉండాదో కూడా తెలియదు మామా. నేనే కూర్చుంటాను. బావ చెప్పిన మాటే ఉండనీ. సమం లేదు."

అలా మొదలైంది ఆట.

మొదటి పూటలోనే రెండు మేకలు పోయాయి. పులి మేక మీదుగా ఎగిరి అవతలి గడిలో దిగితే ఆ మేకను తిన్నట్టే. ఆరింటిని తింటే పులుల గెలుపు. పులులు మూడూ కదలలేకుండా కడితే మేకల గెలుపు. రెండో మేకను తీసి పక్కన పెట్టేటప్పుడు కుప్పుసామి, "భోజనాల వేళకు ఇంటికి పోదుం" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పాడు.

భోజనాల వేళ దాటింది. మూడో మేక పోలేదు. దీపాలు పెట్టే వేళకూ పోలేదు. శంకరన్ రాళ్ళను ఎక్కడివక్కడే ఉంచి, పెద్ద గంప బోర్లించి, అంచు చుట్టూ తడిపేడతో మెత్తాడు. పొద్దున ఎండిన పేడను పగలగొట్టి గంప తీస్తే రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే.

పాంచాలికి గెలవడం పెద్దగా రాదు. ఆమెకు వచ్చినదల్లా ఆట ముగియకుండా చూడటం. పళనివేల్ మంచం పట్టిన రెండేళ్ళు, మంచం పక్కన నేల మీద బొగ్గుతో గీతలు గీసి, అతనికి మూడు వక్కలు ఇచ్చి, తాను పదిహేను ఆముదపు గింజలు తీసుకొని ఆడింది. ఆట నడుస్తున్నంతసేపు అతను పులి. ఆట ముగిస్తే ఇంటికప్పు చూస్తూ తన రోజులు లెక్కపెట్టుకునేవాడు. ఆమె ఓడిపోతే, "ఊరికే వదిలేస్తివి" అని అలిగేవాడు. గెలిపించకూడదు, ఓడించకూడదు. మేకలను జతలు జతలుగా ఒకదాని వెనక ఒకటి నిలిపి, పులి ఎగిరేదానికి ఖాళీ గడి దొరక్కుండా కాచి, ఒక్క వెనకమేకను మాత్రం అటూ ఇటూ జరుపుతూ ఉండేది. అలా ఒక ఆటను ఉగాది నుంచి చిత్ర పున్నమి దాకా సాగదీసింది.

కుప్పుసామికి ఆ సంగతి తెలియదు. తమ్ముడి మంచం దగ్గరికి ఆయన వచ్చిందే తక్కువ.

అయిదో రోజుకు ఆయన ఒక ఉపాయం పట్టాడు. ఒక్క ఎత్తుకు సగం రోజు తీసుకోవడం మొదలుపెట్టాడు. చేయి రాయి మీద పెట్టి, తీసి, మీసం దువ్వి, వక్కాకు నమిలి, మళ్ళీ పెట్టి. విసిగి లేచిపోతుందని ఆశ. మర్నాడు పాంచాలి ఒడిలో దూది, చేతిలో కదురు పెట్టుకొని వచ్చింది. ఆయన ఆలోచిస్తుంటే ఈమె నూలు వడికింది.

"మీరు తీరిగ్గా ఆలోచించండి బావా. ఈ ఎత్తుకు సగం చీర అయింది. ఇంకో ఎత్తు ఇట్లాగే ఆలోచిస్తిరంటే కొంగు కూడా అయిపోతాది."

బోడినాయకనూరు కొండ దిగి ఏలకుల మూటలతో పోతున్న ఎద్దులవాళ్ళు ఆ రోజు చావడి దగ్గర ఆగి, ఈ మాట విని, పడీపడీ నవ్వి, ఆండిపట్టి సంతలో చెప్పారు. ఆపైన పక్క ఊళ్ళ నుంచి కూడా జనం రావడం మొదలైంది.

ఏడో రోజు కుప్పుసామి మోకాళ్ళు పట్టేశాయి. కాళ్ళు చాపుతాడు, ముడుస్తాడు, ఒరుగుతాడు. పాంచాలి మాత్రం పొద్దున కూర్చున్న తీరునే సాయంత్రం దాకా కూర్చుంది.

"దీని నడుము రాతితో చేసినారా ఏంది?" అన్నాడు ఆయన, ఎవరితోనో అన్నట్టు.

"రాతితో కాదు బావా, మీ ఇంటి ఆచారంతో చేసినారు. మొగుడు పోయినాడని మీరంతా కలిసి నన్ను ఏడాది పాటు మూల కూర్చోబెట్టినారు. చీకటి గది, గోడకు ముఖం పెట్టుకొని కూర్చుంటిని. ఇక్కడ గాలి ఉండాది, మనుషులుండారు, చూసేదానికి మీ ముఖం ఉండాది. నాకేం కష్టం?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. చావడి అంచున నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తొమ్మిదో రోజు సాయంత్రం వాన పడింది. ఆ ఏడాది అదే మొదటి గట్టి వాన. చావడి కప్పు మీద పడుతున్న చప్పుడుకు ఆటగాళ్ళిద్దరూ తలెత్తారు. ఇద్దరూ రేగడి మనుషులే. ఆ చప్పుడుకు అర్థం ఇద్దరికీ తెలుసు. వాన పడిన మర్నాడు రేగడిలో కాలు పెడితే జిగురు వదలదు. రెండో రోజు విత్తాలి. ఆడి గాలికి మూడో రోజు సాయంత్రానికి పదను ఆరిపోతుంది. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరు చెప్పగలరు?

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ ఊళ్ళో మొదటి గుప్పెడు విత్తనం ఇంటిపెద్ద తన చేత్తో నేలలో వెయ్యాలి. ఆ గుప్పెడు పడందే కొడుకులు గాని పాలేళ్ళు గాని గొర్రు కట్టరు. ఇంటిపెద్ద ఊళ్ళో ఉండగా ఇంకొకరు ఆ గుప్పెడు వేస్తే, అతన్ని చచ్చినవాడి కింద జమ కట్టినట్టే. కుప్పుసామి చేను ఊరికి అవతల కోసెడు దూరాన ఉంది. పొద్దు పొడవకముందే పోయి చీకట్లో గుప్పెడు వేసి వద్దామంటే కుదరదు. మొదటి విత్తనాన్ని సూర్యుడు చూడాలి.

పదకొండో రోజు పొద్దెక్కాక ఆయన భార్య చెల్లమ్మాళ్ చావడికి వచ్చింది. ఆటను ఒక్క చూపు చూసి, మొగుడి ముందు నిలబడింది.

"ఊరంతా గొర్రు కట్టినారు. మన ఎద్దులు కొట్టంలో నిలబడి నన్ను చూస్తా ఉండాయి. ముప్ఫై కుర్కాలు! ఈ పులులు మనకు ఏడాదికి జొన్నలు దంచి పోస్తాయా?"

"పోవే ఇంటికి."

"పోతాను. పోయి పొయ్యిలో ఏం పెట్టాలో చెప్పండి."

కుప్పుసామి ముఖం ఎర్రబడింది. శంకరన్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మామా, పాత కట్టుబాటు ఉండనే ఉండాదే. సమం అని చెప్పు. చెరిసగం చేద్దుం. ఇద్దరం పోయి విత్తుకుందుం."

శంకరన్‌కు ప్రాణం లేచివచ్చింది. "ఏమంటావమ్మా పాంచాలీ? రెండు కుర్కాలు నీకు నిలుస్తాయి. పట్టా నీ పేరే రాయిస్తాను. మంచి మాట."

పాంచాలి మనసులో లెక్క వేసుకుంది. రెండు కుర్కాలు. దానితో ఒక్క మనిషి బతకొచ్చు. ఈ క్షణం లేచి పోతే సాయంత్రానికి విత్తొచ్చు. ఆమె చేయి వెనకమేక మీద ఉంది. తీయలేదు.

"సమం లేదని బావే కొట్టేయించినారు మామా. నేను ఓడుతానని అనుకున్నప్పుడు సమం వద్దు, విత్తనాల వేళకు సమం కావల్సి వచ్చిందా?"

"నీ చేను కూడా ఎండుతా ఉండాది, పొగరుబోతుదానా!" అన్నాడు కుప్పుసామి.

"ఎండనీ. ఈ ఏడు బీడు పెడతాను. కూలికి పోయి గంజి తాగుతాను. చేను నాదిగా ఉంటే వచ్చే ఏడు విత్తుకుంటాను. చేనే లేకపోతే ఏ ఏడు విత్తేది బావా?" అని వెనకమేకను ఒక్క గడి జరిపింది. "మీ ఎత్తు."

ఆయన ఆ రోజు లేవలేదు. పంతం కొద్దీ దీపాల వేళ దాకా కూర్చున్నాడు. ఇక ఆలోచించడం కూడా మానేసి, పులుల్ని టకటకా జరిపాడు. పాంచాలి కూడా టకటకా జరిపింది. వందల ఎత్తులు పడ్డాయి. మేకలు పదమూడూ అలాగే ఉన్నాయి.

పన్నెండో రోజు పొద్దున శంకరన్ పేడ పగలగొట్టి గంప ఎత్తాడు. పాంచాలి కూర్చుంది. కుప్పుసామి వచ్చాడు గాని కూర్చోలేదు. బండ పక్కన నిలబడి తల తిప్పి తన చేను ఉన్న దిక్కు చూశాడు. గాలి అప్పుడే లేచింది. దుమ్ము ఇంకా లేవలేదు. అంటే ఇంకా పదను ఉంది, ఈ ఒక్క పూటకు.

"కూర్చోండి బావా," అంది పాంచాలి.

ఆయన నడుముకు కట్టుకున్న తుండుగుడ్డ విప్పి దులిపి, తలకు చుట్టుకున్నాడు. చేనికి పోయేవాళ్ళు చుట్టుకునే తీరు అది. చావడి మెట్లు దిగి, వడివడిగా, తర్వాత పరుగులాంటి నడకతో పోయాడు.

శంకరన్ చేతిలోని గంపను కింద పెట్టాడు. "చేను నీదమ్మా. తాసిల్దారుతో నేను చెబుతాను. పట్టా పాంచాలి పేర," అన్నాడు.

పాంచాలి లేవబోయింది. కాళ్ళు మొద్దుబారి లేవలేకపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి రెక్కలు పట్టి లేపారు. నిలబడగానే, "ఎద్దులు విప్పాలి," అంది.

"విత్తేదానికా? అది సరే గాని, మొదటి గుప్పెడు ఎవరు వేస్తారు?" శంకరన్ తల గోక్కున్నాడు. "ముత్తైదువ కూడా వెయ్యదు ఈ ఊళ్ళో. నువ్వు..."

"ఇంటిపెద్ద వెయ్యాలనే కదా మామా ఆచారం? రండి, మా ఇంటికి వచ్చి చూడండి. మా ఇంట్లో నాకంటే పెద్ద ఎవరుండారో చూపించండి, ఆయన చేతనే వేయిస్తాను."

శంకరన్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

నాలుగు కుర్కాల్లో మూడు విత్తేసరికి పొద్దు వాలింది. నాలుగోదానిలో పైన బెడ్డలు గట్టిపడ్డాయి. అయినా వదలక, మునివేళ్ళతో మట్టి లోతు చూస్తూ, తడి ఉన్నచోటల్లా వేస్తూ పోయింది. గట్టు పక్క బాటన కుప్పుసామి గొర్రు భుజాన వేసుకొని ఎద్దుల్ని తోలుకొస్తూ కనిపించాడు. ముఖమంతా దుమ్ము. దాటిపోయినవాడు ఆగి, వెనక్కి తిరిగాడు.

"పాంచాలీ."

"ఏం బావా?"

"ఆరో రోజు. మధ్యాహ్నం. ఆ వెనకమేకను ఒక్క గడి ఎడమకు జరిపుంటే నా పులులు మూడూ కట్టుబడేవి. నాకు చెమటలు పోసినాయి. ఏల వదిలేస్తివి?"

పాంచాలి చేతిలో గుప్పెడు జొన్నలు అలాగే ఉండిపోయాయి. ఆరో రోజు మధ్యాహ్నం ఆమె నూలు తెగితే ముడి వేసుకుంటూ ఉండింది. ఆ గడి సంగతి ఆమె చూడనే లేదు.

"చూసినాను బావా," అంది. "అప్పుడే ముగిస్తే ఏదో కలిసొచ్చి గెలిచిందందురు."

కుప్పుసామి ఆమెను ఎగాదిగా చూశాడు. ఎద్దు తోక మెలిపెట్టి అదిలించాడు.