కాగితం అడుగున పేర్లు

మోండా మార్కెట్లో పట్టపగలు, వంకాయల గుట్టల మధ్య నలుగురు మనుషులు జమాలుద్దీన్‌ను కిందపడేసి తొక్కారు. చూసినవాళ్ళు మూడు వందల మంది. ఆపినవాళ్ళు ఒక్కరూ లేరు. అబద్ధమెందుకు, ఆ మూడు వందల మందిలో మన దేవసహాయం కూడా ఉన్నాడు.

కూరగాయల సంచీ పట్టుకుని ఐదు గజాల దూరంలో కొయ్యబారిపోయాడు. మామూలు బట్టల్లో వచ్చినంత మాత్రాన పోలీసు బూట్లు ఎవరికి తెలియవు? వాళ్ళలో ఒకడు జమాలుద్దీన్ కుడిచేతిని బండ మీద పెట్టించి మడమతో నలిపాడు.

"రాస్తవురా? ఇంక రాస్తవు? ఈపాలి చెయ్యి. ఇంకో కాగితం బయటికొచ్చిందో, తల!"

వాళ్ళు జీపెక్కి పోయాక హమాలీ రాములు పరుగెత్తుకొచ్చి జమాలుద్దీన్‌ను లేపి కూర్చోబెట్టాడు. దేవసహాయం దగ్గరికి పోలేకపోయాడు. భయమొక్కటే అయితే అది వేరే సంగతి. జమాలుద్దీన్‌ను పట్టిచ్చింది తానే.

దేవసహాయం రాంగోపాల్‌పేట్‌లో ఆర్థర్ గారి ప్రెస్సులో పెద్ద కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసలు పేర్చడం ఇరవై ఆరేళ్ళుగా అతని పని. పగలు శుభలేఖలూ చర్చి పాటల పుస్తకాలూ. పనయ్యాక, ఆర్థర్ గారు చూసీ చూడనట్టు ఉంటే, జమాలుద్దీన్ రాసే కరపత్రాలు.

ఏం రాసేవాడు జమాలుద్దీన్? నిజాం పోయాడు, రజాకార్లు పోయారు, యూనియన్ ఫౌజు వచ్చింది, ఇక మన కష్టాలు తీరాయని సంబరపడ్డ ఊళ్ళలో ఆ తరవాత ఏం జరిగిందో అది రాసేవాడు. ఎర్రచెలక అనే ఊళ్ళో పధ్నాలుగు మందిని లారీ ఎక్కించారు. అందులో భూమి దున్నుకున్న సంఘం రైతులున్నారు, రజాకార్లని పేరుపెట్టి ఈడ్చుకుపోయిన దూదేకులవాళ్ళూ ఉన్నారు. ఒక్కడూ తిరిగి రాలేదు. ఏ పేపరూ వేయలేదు. జమాలుద్దీన్ ఆ ఊరికి పోయి, ఆడవాళ్ళను అడిగి, మారుపేరుతో రాశాడు. అడుగున రాసినవాడి అసలు పేరూ లేదు, అచ్చేసినవాడి పేరూ లేదు.

కంపోజిటర్లకో అలవాటుంది. అచ్చయిన కాగితం బయటికి పోయి పదిరోజులు దాటేదాకా రాతప్రతి చించరు. రేపు తప్పు బయటపడితే, తప్పు రాసినవాడిదా పేర్చినవాడిదా తేల్చేది ఆ రాతప్రతే. దేవసహాయం జమాలుద్దీన్ రాతప్రతిని కూడా ఎప్పటిలాగే గోడనున్న ఇనప చువ్వకు గుచ్చాడు. పాటల పుస్తకం వేరు, ప్రాణాలమీదికి తెచ్చే కాగితం వేరు అని తోచలేదు ఆ మహానుభావుడికి! శుభలేఖలు వేయించాలని ఒకడొచ్చాడు. నమూనాలు తెద్దామని దేవసహాయం లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మనిషీ లేడు, చువ్వన కాగితమూ లేదు. ఆ చేతిరాతను పోల్చుకోవడం పోలీసులకెంతసేపు? భర్తల జాడ చెప్పమని ఆడవాళ్ళు ఠాణాలో ఇచ్చుకున్న అర్జీలన్నీ జమాలుద్దీన్ రాసిపెట్టినవే.

ఆదివారం ఆరాధన అయ్యాక పనివాళ్ళూ రాములూ ప్రెస్సులో కూడారు. తలుపులు మూసి, కాగితపు కట్టల మీద కూర్చున్నారు. జమాలుద్దీన్ చేతికి బద్దలు కట్టి ఉన్నాయి. పక్కన మెహరాజ్. ఎర్రచెలకలో భర్తను పోగొట్టుకున్న మనిషి.

దేవసహాయం లేచి నిలబడ్డాడు. "జమాల్ భాయ్, నీ చెయ్యి ఇరగ్గొట్టింది నేనే." జరిగింది చెప్పేశాడు.

జమాలుద్దీన్ అతని మొహంలోకి సూటిగా చూశాడు. "కోపం లేదంటే ఝూట్ అయితది అన్నా. ఉన్నది. గని నువ్ కాగితం దాచినవ్, వాళ్ళు చెయ్యి తొక్కిన్రు. రెండూ ఒక్కటెట్లయితయ్?"

చిన్న కంపోజిటర్ సామ్యూల్ అడ్డుపడ్డాడు. "ఇగ బంద్ వెట్టుండ్రి. నాకు ముగ్గురు పిల్లలు. భాయ్‌ని బెజవాడ రైలెక్కిద్దాం, ఆడ పానమన్న దక్కుతది."

"ఎక్కియ్యి," అంది కాగితాలు మడిచే మార్త. "మల్ల ఎర్రచెలకోళ్ళ ముచ్చట ఎవలు చెప్తరు? నువ్ చెప్తవా? వాళ్ళు కోరేది గదే కదా, నోరున్నోడు ఊరిడిచి పోవాలె!"

"అరిస్తే అయిపోతదా మార్తక్కా? తల తీస్తమన్నరు!"

"ఒక్కడున్నడు గనుక అన్నరు."

అప్పటిదాకా తలవంచుకుని ఉన్న రాములు అందుకున్నాడు. "మొన్న మూడొందల మందిమి ఉంటిమి. ఆళ్ళు నలుగురు. నాకు అన్నం సయిస్తలేదు. బస్తా ఎత్తాలంటే ఒక్కనితోని కాదు, ఇంకిద్దరు నెత్తికెత్తాలె. బియ్యానికి చేసేది మనిషికి చెయ్యమా? రేపటి సంది భాయ్ ఏడికి పోయినా మా హమాలీలు నలుగురు ఎంటుంటరు. ఇంటి ముంగట సుత పండుతం."

జమాలుద్దీన్ కట్టుకట్టిన చేతివైపు చూసుకున్నాడు. "కాపాడుతరు సరే. ఎట్ల రాయాలె?"

"రాయొద్దు. చెప్పు," అన్నాడు దేవసహాయం. "ఆ బిడ్డను సుత చెప్పమను. నోట్లకెల్లి సీదా అచ్చుకే. ఈపాలి దొరికే రాతే ఉండది."

మెహరాజ్ చెప్పింది. లారీ ఏ పొద్దున వచ్చిందో, ఎవరి పేరు ముందు పిలిచారో, నీళ్ళు తాగి వస్తానంటే తన భర్తను ఎట్లా కొట్టారో. పేర్చే చేతులు ఆగాయి. సామ్యూల్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆగొద్దు అన్నా," అంది మెహరాజ్. "నేను ఆగితే మల్ల చెప్పలేను."

సాయంత్రానికి పని పూర్తయింది. అప్పుడే ఆర్థర్ గారు వచ్చారు. కళ్ళద్దాలు పైకి తోసుకుని అచ్చుప్రతి చదివి, కుర్చీలో కూలబడ్డారు.

"అడుగున ప్రెస్సువాళ్ళ పేరు లేకపోతే చట్టప్రకారం దొంగ కాగితం. పట్టుకున్నవాడినల్లా కొడతారు. నా పేరు వేస్తే నా ప్రెస్సుకు తాళం. నన్ను చంపకండయ్యా!"

"మీ పేరొద్దు సార్," అన్నాడు దేవసహాయం. అడుగు వరసలో తన పేరు పేర్చాడు. ఇన్నేళ్ళలో ఎందరివో పేర్లు పేర్చాడు గాని తన పేరు పేర్చడం అదే మొదలు.

"నాది సుత ఎయ్యి," అంది మార్త. "నాది," అన్నాడు రాములు. మెహరాజ్ తన పేరు చెప్పింది, జమాలుద్దీన్ కూడా చెప్పాడు. సామ్యూల్ ఎవరినీ అడగలేదు. అక్షరాలు తీసుకుని తన పేరు తానే చేర్చాడు. ఆర్థర్ గారు ప్రెస్సు తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు.

ఇంట్లో భార్య ప్రేమమణి తల బాదుకుంది. "నీ పేరే దొరికిందా లోకంల? ఆళ్ళు సంపుతరు. నేనేం గావాలె?"

సోమవారం మోండాలో కాగితం పంచుతుండగా జీపు వచ్చింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు దిగాడు. జమాలుద్దీన్ చుట్టూ హమాలీలు నిలబడ్డారు. ఈసారి కూరలమ్మే ఆడవాళ్ళు కూడా తక్కెళ్ళు వదిలి వచ్చారు.

"ఎవడ్రా ఇది రాసింది?"

"ఎవలు రాయలే. చెప్పినం," అన్నాడు దేవసహాయం. "కింద పేర్లున్నయి."

"నీ పేరేంటి?"

"మొదటిది నాదే సార్."

చెంప పగిలింది. రెక్కపట్టి జీపులోకి తోశారు. రాములు కాగితం ఎత్తిపట్టి అడ్డంగా నిలబడ్డాడు. "ఆయనొక్కన్నే తీస్కపోతవేంది? నాకు చదువు రాదు గని నా పేరు ఏడున్నదో ఎరికే. ఇగో! నన్ను సుత ఎక్కియ్యి!"

"నన్ను సుత!" అంది మార్త. జనం జీపును చుట్టేశారు. ఇన్‌స్పెక్టరు పిస్తోలు తీసి గాలిలోకి పేల్చాడు. ఒక్క దేవసహాయంతోనే జీపు కదిలింది గాని, జమాలుద్దీన్ మీద ఇన్‌స్పెక్టరు చెయ్యి వేయలేకపోయాడు.

ఠాణాలో రెండు రోజులు కొట్టారు. రాసినవాడు జమాలుద్దీనేనని ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు. దేవసహాయం ఒప్పుకోలేదు. మూడోరోజు ప్రేమమణి జొన్నరొట్టెలు పట్టుకుని వచ్చింది. మొగుడి మొహం చూసి చెంగు నోట్లో కుక్కుకుంది.

రొట్టెలు చుట్టిన కాగితాన్ని దేవసహాయం వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక కన్ను మూసుకుపోయింది, రెండో కంటితో కూడబలుక్కున్నాడు. అదే కాగితం, మళ్ళీ అచ్చు వేశారు. అడుగున ఆరు పేర్లు కావు, ఐదు వరసల పేర్లు. హమాలీలవి, కూరలమ్మే ఆడవాళ్ళవి. ఐదో వరసలో ఆర్థర్ గారి పేరు. దాని పక్కన ప్రేమమణి.

"నీ పేరెందుకే? నిన్ను సుత తెస్తే పిల్లల గతేంది?"

"నాకు బయమే," అంది ప్రేమమణి. "జమాల్ భాయ్ బయట నిలబడ్డడు. ఆయన సుట్టు నలబై మందిమి ఉన్నం. నువ్వు ఈడ దెబ్బలు తింటుంటే నేను ఇంట్ల కూసుంటననుకున్నవా?"

దేవసహాయానికి ఏడుపు ఆగలేదు. దాచుకోనూ లేదు. కళ్ళనీళ్ళతోనే ఆ కాగితాన్ని ఊచల సందులోంచి పక్క గదిలోకి అందించాడు. అక్కడెవరో మెల్లగా, పేరు తరవాత పేరు చదవడం వినిపించింది. తరవాత ఒక గొంతు అడిగింది.

"అక్కా, మల్ల అచ్చేసేటప్పుడు నా పేరు సుత ఎక్కిస్తరా?"

ప్రేమమణి కళ్ళు తుడుచుకుని ఊచల దగ్గరికి వంగింది.

"నీ పేరేంది తమ్మీ?"