లామినేషన్ చేయించిన మందుల చీటీ

డాక్టర్ శ్రీదివ్యకు ఒక అలవాటుంది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ నడక నేర్చుకోవడానికి శామీర్‌పేటలోని తన కేంద్రానికి ఏ ముసలివాళ్లు వచ్చినా, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో సహా తెప్పించి మంచం మీద కుమ్మరిస్తుంది. ఆ తర్వాత అవి రాసిన డాక్టర్ల మీద దుమ్మెత్తిపోస్తుంది. అందులో ఆవిడకు కాస్త సరదా కూడా ఉంది, లేదనడం దేనికి!

ఆ రోజు మొగులయ్య వంతు. పొలం గట్టు మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చక్కగా జరిగి మూడు వారాలైనా అడుగు లేవడం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఇక్కడ కూడా నడవలేకపోతే ఇక మంచమే గతి. వణుకుడు జబ్బేమో, రేపు దానికి మందు మొదలుపెడదాం అనుకుంది శ్రీదివ్య.

భార్య ముత్తమ్మ అన్నం డబ్బా కింద పెడుతుంటే మూత టకటకలాడింది. వయసు మరి, అనుకుంది డాక్టర్.

సంచిలోంచి ఒకే రకం మాత్రల అట్టలు గుట్టగా పడ్డాయి. కళ్లు తిరిగితే వేసేవి. వారం, పది రోజులు వాడి ఆపేయాలి. ఏళ్ల తరబడి మింగితే ముసలివాళ్లకు సరిగ్గా ఈ వణుకే, ఈ నడకే వస్తాయి.

"ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారండీ?"

"పదకొండేండ్లాయె," అన్నాడు మొగులయ్య.

శ్రీదివ్యకు ఒళ్లు మండింది. "ఎవరండీ ఆ మహానుభావుడు? ఎన్ని రోజులో చెప్పకుండా రాసేస్తారా? డిగ్రీ చింపి చేతికివ్వాలి!"

మొగులయ్య బిత్తరపోయి భార్య వైపు చూశాడు. ఆమె సంచి అడుగు నుంచి ఒక చీటీ తీసింది. చిరగకుండా లామినేషన్ చేయించిన చీటీ.

"మీరే గదమ్మా! మేడ్చల్ల కొత్తగ దవాఖాన వెట్టినప్పుడు రాసిచ్చిండ్రు. ఆయినెకు మూడొద్దులల్ల కండ్లు దిరుగుడు బందయింది. మీ హస్తవాసి మస్తు మంచిది. అందుకనే తుంటి ఇరిగినంక గూడ గిక్కడికే తోల్కరమ్మన్న."

అక్షరాలు తనవే. సంతకం తనదే. రోజుకు మూడు పూటలా అని ఉంది, ఎన్ని రోజులో లేదు. ఈ మనిషిని గట్టు మీద పడేసింది తన చేయే. ఆయన ముఖమైనా తనకు గుర్తు లేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ చెప్పేసింది. "తప్పు నాదేనండీ. మీ వణుకు ఈ మాత్ర వల్లే అయ్యుండాలి. ఇవాళే ఆపేద్దాం. నెలలు పట్టినా చాలామందికి తగ్గుతుంది."

మొగులయ్యకు కోపం రాలేదు. మొహం మాత్రం తెల్లబోయింది.

"గట్లనా? మరి జిరాక్సులెట్ల?"

"ఏం జిరాక్సులు?"

"ఊర్ల కండ్లు దిరుగుతయన్నోళ్లకల్ల గీ చీటి జిరాక్సు దీసి ఇచ్చిన. ఇర్వై మందికి తక్వ ఉండరు."

ముత్తమ్మ మొగుడికి అన్నం పెడదామని డబ్బా ఎత్తింది. మూత మళ్లీ టకటకలాడింది.

"అమ్మా, మీరు కూడానా?" అంది శ్రీదివ్య.

"ఆయినెతోనే మొదలువెట్టిన," అంది ముత్తమ్మ. "మీ చేతి మందు గదా అని."