బొట్టు పెట్టిన వాల్వు

నేను ఒక ఇత్తడి తలను. మంటలు లేస్తే నీళ్లు చిమ్మడానికి పైకప్పుకు స్ప్రింక్లర్లు బిగిస్తారు చూడండి, ఆ జాతి. నా నడుమ చిటికెన వేలిలో సగం కూడా లేని గాజు గొట్టం ఉండేది. దాని నిండా ఎర్రటి రసం. ఆషాఢ మాసంలో ఒక మధ్యాహ్నం ఆ గాజు పగిలింది. అదే మధ్యాహ్నం, సరిగ్గా నా కింద, కెజియా అనే అమ్మాయి చనిపోయింది. గాజు పోయినందుకు నాకు విచారం లేదు. పగలడానికే దాన్ని పెట్టారు. కెజియా చనిపోవలసిన అవసరం లేదు.

నాకు కోపం ఉంది. ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. కానీ అరవై ఎనిమిది డిగ్రీల వేడి తగిలేదాకా నోరు విప్పకూడదని నాకు పుట్టుకతోనే నేర్పారు. అందుకని నెమ్మదిగానే చెబుతాను.

నా ఒంటిని ఒక ఫ్యాక్టరీలో పోత పోశారు. గాజు వేరే దేశం నుంచి దూది పరిచిన పెట్టెల్లో వచ్చింది. ఎర్ర రసం మధ్య ఒక గాలి బుడగ ఉంటుంది. వేడెక్కితే రసం ఉబ్బి ఆ బుడగను మింగేస్తుంది. ఇంకా ఉబ్బడానికి చోటు చాలక గాజును పగలగొడుతుంది. గాజు ఆసరాతో నిలిచిన బిరడా ఊడిపోతుంది. దాని వెనక ఉన్న నీళ్లు వచ్చి, నా కింద పువ్వు రేకుల్లా ఉన్న పళ్లేనికి తగిలి, గొడుగులా విచ్చుకుంటాయి. ఇంతే నా చదువు. కరెంటు అక్కర్లేదు. పక్కన మనిషి ఉండి చూసుకోనక్కర్లేదు. వెనక నీళ్లు ఉంటే చాలు.

కాకినాడ మెయిన్ రోడ్డులో గున్నేశ్వరరావు అనే ఆయన మూడంతస్తుల చీరల దుకాణం కట్టాడు. నన్ను పై అంతస్తులో, పట్టుచీరల సెక్షనులో తలకిందులుగా బిగించారు. అటూ ఇటూ నా తోడబుట్టినవాళ్లు. వెనక గొట్టం నిండా నీళ్లు. ఆ నీళ్ల బరువు ఎప్పుడూ నా వీపు మీద ఉండేది. నాకది బరువులా అనిపించలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టు ధైర్యంగా ఉండేది.

పైనుంచి చూస్తే మనుషులంటే పాపిళ్లు, బట్టతలలు. కొనని వాళ్లే ఎక్కువ చీరలు విప్పించుకుంటారని నాకు తొందరగానే తెలిసింది. మూడు గంటలు కూర్చుని, అరలన్నీ ఖాళీ చేయించి, "మళ్లీ మా ఆడపడుచుని తీసుకొత్తాం" అని లేచిపోయేవారు. ఆ ఆడపడుచులు ఎప్పుడూ రాలేదు. అవన్నీ చూసి నవ్వుకునేదాన్ని. ఆ రోజుల్లో నాకు నవ్వు వచ్చేది.

దుకాణం తెరిచి ఏడాదైన రోజున గున్నేశ్వరరావు కింది హాల్లో హోమం పెట్టించాడు. మేడ మీద ఆరుబయట చేసుకుందామని, పూర్ణాహుతికి మంట బాగా లేస్తుందని పురోహితుడు చెప్పి చూశాడు.

"మేడ మీదైతే ఎవరు చూత్తారండీ పంతులుగారూ? లక్ష్మీదేవి అన్ని మెట్లెక్కి మేడ మీదకి వత్తదా? హాలు మధ్యలోనే కానియ్యండి" అన్నాడు గున్నేశ్వరరావు.

పొగకు మోగే గంట ఒకటి ఉంటే, మంత్రాలకు అడ్డమని మేనేజరు పేర్రాజు దాని నోరు ముందే నొక్కేశాడు. పూర్ణాహుతి వేళ నెయ్యి ధారగా పోశారు. మంట నిలువెత్తు లేచింది. హోమగుండం మీద ఉన్న మా అన్న పగిలాడు. గొట్టంలో ఏడాదిగా నిలవున్న నల్లటి నీళ్లు గుండం మీద, గున్నేశ్వరరావు పట్టుపంచె మీద, పక్కన పేర్చిన ధర్మవరం చీరల మీద కుమ్మరించాడు. నిప్పు ఆరింది. మా వంశంలో తన పని సాంతం చేసినవాడు ఆయన ఒక్కడే.

"శాంతించండి బాబూ. సాక్షాత్తూ వరుణదేవుడే వచ్చాడనుకోండి" అన్నాడు పురోహితుడు, తడిసిన పంచాంగం దులుపుకుంటూ.

"వరుణుడికి ఇంత కంపేంటండీ? పేర్రాజూ! ఆ నీళ్లు కట్టేయ్. మళ్లీ నా సరుకు మీద ఒక్క చుక్క పడిందో, నీ సంగతి చెబుతాను."

"ఆయ్, కట్టేత్తానండి. మరి పైన బిగించినయ్యి కూడా పీకించేమంటారా?"

"ఉండనీ. చెకింగుకి వచ్చినోళ్లకి కనపడొద్దా?"

పేర్రాజు సెల్లారులోకి దిగి మా గొట్టాలన్నిటికీ తల్లిలాంటి వాల్వు చక్రాన్ని మూసేదాకా తిప్పాడు. ఎవరూ ముట్టుకోకుండా గొలుసు వేసి తాళం పెట్టాడు. ఎక్కడా కారకుండా గొట్టాల్లో మిగిలిన నీళ్లు కూడా వదిలేశాడు. ఆ సాయంత్రం నా వీపు మీద బరువు పోయింది. ఇత్తడికి భయం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తరవాత సంగతి చెప్పాలంటేనే నాకు గొంతు వేడెక్కుతుంది. దసరాకు దుకాణంలో ఆయుధపూజ చేసేవారు. తక్కెడకు, కత్తెరలకు, బిల్లింగు మిషనుకు బొట్టు పెట్టి, చివరికి సెల్లారులోకి దిగేవారు. షోకేసులో చీరలు కట్టి నిలబెట్టే బొమ్మలు విరిగితే తెచ్చి వాల్వుకు అడ్డంగా పడేసేవారు. ఏడాదికి ఆ ఒక్కరోజు పేర్రాజు వాటిని పక్కకు జరిపేవాడు. చక్రానికి దుమ్ము తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసేవాడు. నిమ్మకాయ కోసి, హారతి ఇచ్చి, చెంపలు వేసుకునేవాడు. ఆ హారతి గంట చప్పుడు ఖాళీ గొట్టం వెంట ప్రయాణం చేసి నా దాకా వచ్చేది. తరవాత బొమ్మలు మళ్లీ యథాస్థానంలోకి చేరేవి. పసుపు రాసిన చేత్తోనే ఆ చక్రాన్ని తిప్పవచ్చు. చక్రమూ అక్కడే ఉంది, చెయ్యీ అక్కడే ఉంది. నాకు దేవుడితో తగవు లేదు. దండం పెట్టేశాం కాబట్టి ఇక చేయవలసింది లేదనుకునే మనుషులతోనే నా తగవు.

కెజియా చేరింది ఇదంతా అయ్యాక. వాళ్ల నాన్న సత్యానందం మాస్టారు మునిసిపల్ హైస్కూల్లో సైన్సు చెబుతారు. బీఎడ్ సీటు వచ్చేదాకా ఖాళీగా ఉండటం ఎందుకని ఆమె చీరలు మడతపెట్టే పనిలోకి వచ్చింది. పైకి చూసే అలవాటున్న మనిషిని ఆ దుకాణంలో నేను ఆమెనొక్కదాన్నే చూశాను. శ్రావణమాసం అలంకరణకని నా మెడకు దారం కట్టి థర్మోకోల్ తామరపువ్వు వేలాడదీస్తే, ఆమె స్టూలెక్కి కత్తెరతో కోయబోయింది. స్టూలు పక్కన నిలబడ్డ మంగతాయారు కంగారుపడింది. ఆమెదీ పట్టుచీరల సెక్షనే. వయసులో పెద్దది, మోకాళ్ల నొప్పుల మనిషి.

"ఏంటే పిల్లా, కోతిలాగ ఆ ఎక్కడం?"

"దీని మెడకి ఉరేశారు తాయారక్కా. తీసేత్తన్నాను."

"డెకరేషనే అది! పేర్రాజుగారు చూత్తే ఆ దారం మన మెడకి ఏత్తారు."

"మా నాన్నని అడిగానక్కా. నిప్పంటుకుంటే ఈ ఎర్ర రసం ఉబ్బి గాజు టప్పుమని పగులుద్దంట. అప్పుడు వానపడ్డట్టు నీళ్లు పడతాయంట. దీనికేదీ తగిలించకూడదంట."

"అలాగా! నా మోకాళ్లకి కూడా ఏదన్నా పాఠం ఉందేమో కనుక్కో మీ నాన్నని."

ఇద్దరూ నవ్వారు. కెజియా తన చున్నీ కొసతో నా రేకుల మీద దుమ్ము తుడిచింది. ఆమె ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. నా వెనక నీళ్లు లేవు తల్లీ అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ సంగతి తెలిసి, నోరు కూడా ఉన్నవాళ్లు ఇద్దరున్నారు, యజమానీ మేనేజరూ. వాళ్లు చెప్పలేదు.

ఆషాఢం డిస్కౌంట్లు పెట్టిన ఆదివారం దుకాణం కిటకిటలాడుతోంది. మధ్య అంతస్తులో షోకేసు లైట్ల దగ్గర వైరు కాలి, అట్టపెట్టెలు అంటుకున్నాయి. పొగకు మోగవలసిన గంట మోగలేదు. హోమం రోజున నొక్కిన నోరు మళ్లీ ఎవరూ తెరవలేదు. వెనక మెట్ల నిండా సరుకు మూటలు. కెజియా పై అంతస్తులో ఉన్న కొనుగోలుదార్లందర్నీ ముందు మెట్ల మీదుగా దింపింది. చంటిపిల్లల తల్లుల్ని ముందు పంపింది. కుంటుతూ వెనకబడ్డ తాయారు కోసం తాను ఆగింది. ఈలోగా ఆ మెట్లనూ పొగ మూసేసింది.

"తాయారక్కా, ఇటు రా, దీని కిందకి! నీళ్లు పడతాయి."

"నీళ్లూ లేవు గీళ్లూ లేవు. ట్రయల్ రూములో కిటికీ ఉంది, రాయే!"

"అటు పొగెక్కువగా ఉందక్కా. ఒక్క నిమిషం ఆగు. గాజు పగులుద్ది చూడు."

తాయారు ఆగలేదు. ముక్కుకు కొంగు కట్టుకుని, గోడ పట్టుకుని వెళ్లిపోయింది. పొగ ముందు పైకప్పుకే చేరుతుంది కాబట్టి నాకు కెజియా మసకగానే కనిపించింది. ముఖం పైకెత్తి, రెండు అరచేతులూ చాచి నిలబడింది.

గాజు పగిలింది. టప్పుమని, ఆమె చెప్పినట్టే. బిరడా ఊడి ఆమె భుజం మీద పడింది. నా నోట్లోంచి తుప్పు వాసన వేసే గాలి కొంచెం వచ్చింది. దాని వెనక రెండు నల్లటి చుక్కలు. అంతే.

ఆమె వెంటనే కదలలేదు. పాఠం మీద నమ్మకమున్న పిల్లలు అలాగే ఎదురుచూస్తారు. తరవాత "అక్కా" అని పిలిచింది. అప్పటికి దారి లేదు.

తాయారు స్టూలుతో కిటికీ అద్దం పగలగొట్టింది. పక్క మేడ వాళ్లు నిచ్చెన వేసి దించారు. నమ్మని మనిషి బతికింది. నమ్మిన పిల్ల పోయింది.

కాలిన సరుకును ఎత్తిపోసేటప్పుడు సత్యానందం మాస్టారు వచ్చారు. పై అంతస్తు బూడిదలో చాలాసేపు వెతికి నన్ను తీశారు. చొక్కా కొసతో తుడిచి, నా నడుమ గాజు ఉండవలసిన చోట వేలు పెట్టి చూశారు. గాజు లేదు. బిరడా లేదు. దారి తెరిచే ఉంది. ఆయన మెట్లు దిగి సెల్లారులోకి వెళ్లారు. అక్కడికి మంట చేరలేదు. చీరల బొమ్మల వెనక చక్రం చెక్కుచెదరకుండా ఉంది. గొలుసు ఉంది. తాళం ఉంది. కిందటి దసరా నాటి దండ ఎండి వేలాడుతోంది. బొట్టు చెరగలేదు.

విచారణలో గున్నేశ్వరరావు కళ్లు తుడుచుకుంటూ, "నాసిరకం సరుకు అంటగట్టారండి. సమయానికి ఒక్కటీ పనిచెయ్యలేదండి" అన్నాడు. వేడికి స్పందించవలసిన పరికరాలు పనిచేయలేదని నివేదికలో రాసుకున్నారు. మాస్టారు నన్ను అధికారి బల్ల మీద పెట్టారు.

"ఇది పనిచేసిందండి. చూడండి, గాజు పగిలింది, దారి తెరుచుకుంది. వాల్వు మూసి ఉంది."

"నీళ్లైతే పడలేదు కదా మాస్టారూ? అంటే పనిచేయనట్టే కదా."

"బడి గేటుకు మనమే తాళం వేసి, పిల్లలు రాలేదని రాస్తామా అండీ?"

అధికారి నన్ను ఇటూ అటూ తిప్పి చూశాడు. మీ బాధ నాకు తెలుసన్నాడు. ఇది మీ దగ్గరే ఉంచుకోండన్నాడు. నివేదికలో మాట మారలేదు. నీళ్లు కట్టేయించినవాళ్లు, కట్టేసినవాళ్లు, చూసి ఊరుకున్నవాళ్లు ఉండగా, అబద్ధం ఆడలేని నా మీదకు నేరం తోయడం మనుషులకు ఎంత తేలికో అప్పుడు చూశాను.

ఏడాది తిరిగేసరికి అదే స్థలంలో, కొత్త అద్దాలతో దుకాణం మళ్లీ తెరిచారు. పైన కొత్త తలలు, కొత్త ఎర్ర గాజులు. సెల్లారు పాతదే. చక్రమూ పాతదే. దసరా రోజున మాస్టారు నన్ను చొక్కా జేబులో వేసుకుని వెళ్లారు. గుమ్మంలోనే గున్నేశ్వరరావు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రండి మాస్టారూ, రండి. అమ్మాయిని మేం మర్చిపోలేదండి. అటు చూడండి, లిఫ్టు పక్కన ఫొటో పెట్టించాం. రోజూ దండ మారుత్తాం."

ఫొటోలో కెజియా నవ్వుతోంది. బంతిపూల దండ. కింద, సెల్లారులో, అదే బుట్టలోంచి తీసిన బంతిపూల దండ చక్రానికి కూడా వేసి ఉంది. పేర్రాజు హారతి పళ్లెం పట్టుకుని పైకి వస్తున్నాడు.

"దండలు వద్దండి. ఆ చక్రం ఒక్కసారి తిప్పించండి. నేను నిలబడి చూసి వెళ్తాను" అన్నారు మాస్టారు.

"తిప్పుదాం మాస్టారూ. ఈ సీజను అవనివ్వండి. కొత్త సరుకు దించాం. పొరపాట్న ఒక్కటి పగిల్తే ఎంత నష్టమో మీకేం తెలుసండీ?"

"తెలుసండి" అన్నారు మాస్టారు.

పేర్రాజు హారతి పళ్లెం పట్టుకుని గల్లా వైపు వెళ్లాడు. గున్నేశ్వరరావుకు ఎవరో ఫోన్ చేశారు. మాస్టారు వచ్చేశారు.

ఆయన ఆ తరవాతా వెళ్తూనే ఉన్నారు. దుకాణం వాళ్లు దీపావళి సీజనని ఒకసారి, పెళ్లిళ్ల సీజనని ఒకసారి చెప్పారు. ఒకసారి తాళంచెవి కనబడటం లేదన్నారు. అర్జీలు పెట్టిన ఆఫీసుల్లో, పరికరాలు కొత్తవి బిగించినట్టు తమ దగ్గర ఫొటోలున్నాయన్నారు.

నేనిప్పుడు ఎనిమిదో తరగతి బల్ల మీద ఉంటాను. ద్రవాలు వేడికి వ్యాకోచిస్తాయనే పాఠం రోజున మాస్టారు నన్ను పిల్లల చేతికిస్తారు. వాళ్లు నా ఖాళీ నడుములో వేలు పెట్టి చూస్తారు. "ఇది పనిచేసిందాండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "చేసింది" అంటారు ఆయన. ఆ పాఠం ఆయన ఇదివరకటిలాగే చెబుతారు. చివర్లో మాత్రం ఒక మాట కలుపుతారు: "వెనక నీళ్లు ఉన్నాయో లేదో అడగండి. ఎవరు ఏమనుకున్నా అడగండి."

మెయిన్ రోడ్డు దుకాణంలో కొత్త అమ్మాయిలు చీరలు మడతపెడుతున్నారు. సెల్లారులో వాల్వు ఇంకా మూసే ఉంది.