పన్నాస్ నాణెం

ఆ మేడ కింది వాటాలో కళ్లజోళ్ల దుకాణం, పై వాటాలో కట్టుడు పళ్లు తయారుచేసే గది. కింద బావ, పైన బావమరిది. "కంటికి కన్ను, పంటికి పన్ను, రెండూ ఒకే మెట్ల మీద దొరుకుతాయి" అని వీధిలో వాళ్లు నవ్వుకునేవారు. బావను కళ్లాయన అనీ, బావమరిదిని పళ్లాయన అనీ పిలవడం ఎంత అలవాటైపోయిందంటే, ఉత్తరాలు తెచ్చేవాడు కూడా కవరు మీద అసలు పేరు చూసి ఒక క్షణం తికమక పడేవాడు.

కళ్లాయనకు ఒక పిచ్చి ఉండేది. ప్రాచీన గ్రీకుల వెండి నాణేలు సేకరించడం. అదీ అన్ని ఊళ్లవీ కాదు, ఎఫెసస్ అనే ఒక్క నగరానివే. ఒకవైపు రెక్కలు చాచిన తేనెటీగ. రెండోవైపు మోకాలు మడిచి, తల వెనక్కి తిప్పి చూస్తున్న జింక, దాని వెనక ఖర్జూర చెట్టు, ముందు నాణెం వేయించిన అధికారి పేరు. అధికారి మారితే పేరు మారేది, ఈగా జింకా మారేవి కావు. ఎన్ని పేర్లు దొరికితే అన్ని పోగుచెయ్యాలన్నది కళ్లాయన పంతం.

"అదే ఈగ, అదే జింక. ఒకటి కొంటే సరిపోయేదిగా బావా" అని పళ్లాయన ఒకసారి అన్నాడు.

"నీ నోట్లో పళ్లన్నీ ఒకేలా ఉన్నాయి కదరా. ఒకటి ఉంచుకుని మిగతావి పీకించుకో."

బావమరిదిని ఆటపట్టించడం బావల హక్కే, ఎవరూ కాదనరు. కానీ కళ్లాయన మాట గిల్లి వదిలేది కాదు, చర్మం ఊడేదాకా లాగేది. ఆదివారాలు దుకాణం తలుపు సగం దించి, ఊళ్లో నాణేల సరదా ఉన్నవాళ్లంతా లోపల చేరేవారు. వాళ్లకు పెద్ద ఒక ప్లీడరు. ఎవరు ఏ నాణెం తెచ్చినా మొదట కళ్లాయన చేతికి ఇవ్వాలి. ఆయన భూతద్దం కూడా తీసేవాడు కాదు. "నా కన్ను మోసపోదు" అని రెండు వేళ్లతో పట్టుకుని, దొంగదైతే అందరి ముందూ పరువు తీసేవాడు. చనిపోయిన తండ్రి దాచిన నాణెమని ఒక ముసలి కాంపౌండరు గుడ్డలో చుట్టి తెస్తే, దాన్ని బూడిద పళ్లెంలో పడేసి, "మీ నాన్న మిమ్మల్ని బతికుండగానే కాదు, పోయాక కూడా మోసం చేశాడండీ" అన్నాడు. ముసలాయన బూడిదలో వేలు పెట్టి వెతుక్కుంటుంటే అందరూ నవ్వారు. పళ్లాయన కూడా నవ్వాడు.

తరవాతి వంతు తనదే అయింది. బావ పుట్టినరోజుకి పళ్లాయన ఎక్కడెక్కడో అడిగి, ఒక తేనెటీగ నాణెం సంపాదించి, వెల్వెట్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. కళ్లాయన మూత తీసి, చూసి, మళ్లీ మూసేశాడు.

"పోత పోసిన దొంగముక్క. పైకి పట్టుకుపో బామ్మర్దీ, ఎవరికైనా దంతంగా పనికొస్తుంది. చూపు లేనివాడికి చెయ్యెందుకు, చెయ్యి లేనివాడికి చూపెందుకు? నీకు రెండూ లేవు."

నవ్వినవాళ్లలో పళ్లాయన అక్క లేదు. టీ కప్పులు సర్దుతూ మొగుడి మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది, లోపలికి వెళ్లిపోయింది.

పళ్లాయన ఆ మాటను మింగలేదు, కక్కలేదు. చెయ్యి లేదన్నాడు కదా. సరే. మైనం చెక్కి, లోహం పోసి, ఒకరి నోట్లో ఒదిగేలా పన్ను చేసే చెయ్యి అది. తలవెంట్రుక వాసి తేడా వస్తే నాలుక పట్టేస్తుంది, నాలుకను మించిన పరీక్షాధికారి లేడు. అలాంటి చేతికి ఈగ ఎంత, జింక ఎంత? కానీ ముందు అసలు నాణెం ఒకటి దగ్గరుండాలి.

అక్కను అడిగాడు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, మొగుడి నాణేల సొరుగు తాళం తీసి, ఒకటి తెచ్చి ఇచ్చింది.

"పెళ్లయిన దగ్గర్నుంచి కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా నవ్వు దాకా అన్నిటికీ వంక పెట్టినవాడు. ఒక్కసారి ఆయన తల దించుకుంటే చూడాలనుందిరా. కానీ ఇది మాత్రం భద్రంగా తిరిగివ్వు."

దంతాల అచ్చు తీసే ముద్దలో ఈగనూ జింకనూ దింపుకుని, నాణెం మర్నాడే తిరిగిచ్చేశాడు. పోత పోస్తే బావ పట్టేస్తాడని తెలుసు. అందుకని ఉక్కు ముక్కల మీద అచ్చులు చెక్కాడు. బొమ్మా అక్షరాలూ చెరిగిపోయి ఎవరికీ పనికిరాని పాత వెండి నాణేలు కరిగించి బిళ్ల చేశాడు, సుత్తితో కొట్టి ముద్ర దించాడు. పాడైనవి మళ్లీ కరిగించాడు. పళ్ల డాక్టర్లు "మా సెట్టు ఏదయ్యా" అని ఫోన్లు చేస్తుంటే అబద్ధాలు చెప్పాడు. పేరు ఏం పెట్టాలా అని ఆలోచించి, తనలో తనే నవ్వుకుని, గ్రీకు అక్షరాల్లో "పన్నాస్" అని చెక్కాడు. పన్నుకి ఒక తోక తగిలించాడు, అంతే.

పాత సామాన్లు మూటగట్టుకుని తిరిగే వ్యాపారి ఒకడు కళ్లాయన దుకాణానికి వస్తుండేవాడు. వాడి చిల్లర ముక్కల్లో నాణెం కలిపేయడం పెద్ద కష్టం కాలేదు. కళ్లాయన దాన్ని చూసిన క్షణం పళ్లాయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు. బావ మొహంలో రక్తం పొంగడం, వెంటనే ఆవలింత నటించడం చూశాడు.

"ఏదో అరిగిన బిళ్ల. ఆ గుండీలతో పాటు ఇచ్చెయ్" అని ఆ అమాయకుణ్ణి మాయచేసి పుచ్చుకున్నాడు బావ.

ఆ తరవాతి రోజుల్లో కళ్లాయన వేరే మనిషైపోయాడు. కూరకు వంక పెట్టలేదు. పైకొచ్చి బావమరిది బల్ల పక్కన కూర్చుని, నాణెం అరచేతిలో పెట్టుకుని, "ఇలా చూడరా. ఆ మెడ తిప్పిన తీరు చూడు. వెనక ఏదో చప్పుడు విన్నట్టు లేదూ? నా దగ్గరున్న జింకల్లో ఒక్కటీ ఇలా వినలేదు. ఏ మహానుభావుడు చెక్కాడో, వాడి చేతులకు మొక్కాలి" అన్నాడు.

పళ్లాయన చేతిలో పని పక్కన పెట్టాడు. తాను చేసిన పళ్లతో ఎంతోమంది నవ్వారు, తిన్నారు. ఒక్కరూ ఆ చేతుల గురించి మాట అనలేదు. చెప్పకుండా వదిలేస్తే ఏం పోయింది అనుకున్నాడు. బావ సొరుగులో తన చేతిపని ఎప్పటికీ ఉండిపోతుంది, చాలదూ?

ఆదివారం దుకాణం నిండిపోయింది. కళ్లాయన నిలబడి ప్రసంగం చేశాడు. ఇంతవరకు తాను ఏ జాబితాలోనూ చూడని అధికారి పేరు, పన్నాస్. "ఇది ఆ ఊరి పేరులా లేదే" అని ప్లీడరు అంటే, దానికీ జవాబు సిద్ధంగా ఉంది. ఎక్కడి నుంచో వలస వచ్చి, కష్టపడి, ఆ నగరంలో పదవికెక్కిన మనిషై ఉంటాడట. ఆ పన్నాస్ కష్టాలు చెబుతుంటే ఒకరిద్దరి కళ్లు చెమర్చాయి కూడా. పళ్లాయన ఉండబట్టలేక, "జింక కన్ను కూడా బాగా కుదిరింది బావా" అన్నాడు.

కళ్లాయన తల కూడా తిప్పలేదు. "కన్ను గురించి నువ్వు మాట్లాడకురా. నువ్వు ఎవడైనా పళ్లు ఇకిలిస్తే చూసుకో."

అందరూ గొల్లుమన్నారు.

పళ్లాయన జేబులోంచి రెండు ఉక్కు అచ్చులు తీసి బల్ల మీద పెట్టాడు. మైనపు ముద్ద తీసి, దాని మీద ఒక అచ్చు నొక్కి, ప్లీడరు ముందుకు తోశాడు. మైనంలో జింక మెడ తిప్పి చూస్తోంది. పక్కన పన్నాస్.

"పన్నాస్ అంటే పన్ను బావా. నా పన్నే."

ముందు ప్లీడరు నవ్వాడు. తరవాత నవ్వని వాడు లేడు. బూడిద పళ్లెంలో వెతుక్కున్న కాంపౌండరైతే దగ్గు వచ్చేదాకా నవ్వి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు. కళ్లాయన మైనాన్నీ నాణేన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ రోజు మొదటిసారి భూతద్దం తీశాడు. లోపల గుమ్మం దగ్గర అక్క నిలబడి ఉంది. చూడాలనుకున్నది చూసింది. కానీ ఆవిడ మొహంలో సంతోషం లేదు.

వారం తిరిగేసరికి వీధిలో కళ్లాయన పేరు పోయింది. పిల్లలు సైతం "పన్నాస్ గారూ" అని పిలిచి పారిపోయేవారు. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు, "నంబరు సరిగ్గా చూశారా, పన్నాస్ చూపు కాదు కదా" అని హాస్యమాడేవారు.

ఒక మధ్యాహ్నం బావ మెట్లెక్కి వచ్చాడు. గుప్పిట్లో ఒక నాణెం ఉంది.

"మీ అక్క చెప్పింది, ఒకటి తెచ్చి నీకిచ్చానని. ఇదేనట. నువ్వు తిరిగిచ్చింది అసలుదేనా, నువ్వు చేసిందా?"

అవును బావా, అసలుదే అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట నాలుక చివర ఉంది. కానీ బావ గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా నిలబడలేదు. పళ్లాయనకు అది చెరుకు ముక్కలా అనిపించింది, ఇంకాస్త నమలాలనిపించింది.

"నువ్వే చూసి చెప్పు బావా. నీ కన్ను మోసపోదుగా."

"ఒరేయ్, నిజం చెప్పరా. ఒకటేనా, మిగతావి కూడా మార్చావా?"

పళ్లాయన నవ్వి, పన్ను అరగదీసే మిషను ఆన్ చేశాడు. ఆ రొదలో బావ ఇంకేదో అన్నాడు, వినపడలేదు. ఆయన మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ప్రతిసారీ వేరే నాణెంతో. ప్రతిసారీ పళ్లాయన అదే నవ్వు నవ్వాడు. తరవాత రావడం మానేశాడు.

అక్క కేక వినిపించిన రోజు పళ్లాయన చేతిలో పని వదిలేసి కిందికి పరుగెత్తాడు. కళ్లాయన సొరుగులన్నీ లాగి, భోజనాల బల్ల మీద బోర్లించుకుని కూర్చున్నాడు. చేతిలో ఉలి, సుత్తి. పూర్వం గ్రీకు నగరాల్లో కూడా అనుమానం వచ్చిన నాణేన్ని ఇలాగే గాటు పెట్టి, లోపల రాగి ఉందేమోనని చూసేవారట. ఈగ నడుం మీదుగా గాటు. జింక మెడ మీదుగా గాటు. లోపల తెల్లగా వెండి. వెండి కనిపిస్తే నమ్మకం రావాలి కదా, రాలేదు. బావమరిది పాత వెండే కరిగించాడని తెలుసుగా! అందుకని ఇంకో గాటు. కొన్నిటిని నిలువునా రెండు ముక్కలు చేశాడు. జీవితమంతా పోగుచేసిన అధికారుల పేర్లు అక్షరం అక్షరం విడిపోయి బల్ల నిండా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"బావా! ఆపు బావా! అన్నీ అసలువే. నేను తీసుకున్నది ఒక్కటే, అదీ తిరిగిచ్చేశాను. అక్క మీద ఒట్టు."

కళ్లాయన తలెత్తాడు. "ఇప్పుడెందుకు చెబుతున్నావు? ఇవి నీ చేతివే కాబట్టి. లేకపోతే నీకెందుకురా అంత నొప్పి?" అని తరవాతి నాణెం మీద ఉలి పెట్టాడు. అదే ఆఖరుది.

అప్పటి నుంచి ఆయన తినడం మానేశాడు. ముక్కలు జత చేసుకుంటూ కూర్చునేవాడు. "అసలువే అయితే నా చేతులతో నేనే చంపుకున్నాను. అసలువేనా?" అని భార్యను అడిగేవాడు. ఆవిడ ఏం చెప్పినా నమ్మేవాడు కాదు. కొన్నాళ్లకు అడగడం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అక్క మెట్లెక్కి వచ్చింది.

"ఒరేయ్, మార్చేశానని చెప్పు. అన్నీ నువ్వు చేసినవే, అసలువి ఎప్పుడో అమ్మేశానని చెప్పు. నిన్ను తిట్టుకుంటాడు. తిట్టుకోనీ. తనను తను తిట్టుకుంటే బతకడు."

"అక్కా, నేను దొంగనవుతాను."

"మనిషి పోతున్నాడురా."

పళ్లాయన కిందికి వెళ్లి, మంచం పక్కన నిలబడి, చెప్పాడు. మొత్తం తానే మార్చానన్నాడు, అసలువి పై ఊరి వ్యాపారికి అమ్మేశానన్నాడు. బావ తిడతాడని, కొడతాడని అనుకున్నాడు. కళ్లాయన మెల్లగా లేచి కూర్చున్నాడు. మొహంలోకి రంగు వచ్చింది.

"నేను అనుకోలేదూ? కన్ను మోసపోలేదు. అందుకేగా గాటు పెట్టింది!" భార్య వైపు తిరిగాడు. "అన్నం పెట్టు."

మర్నాటి నుంచి కళ్లాయన దుకాణం తలుపు పూర్తిగా ఎత్తి, వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. సొంత బావమరిది సొరుగు దోచేశాడు, తాను కనిపెట్టాడు, దొంగముక్కల్ని ఉలితో నరికి పారేశాడు. పోలీసులకు చెప్పనందుకు తన మంచితనాన్ని మెచ్చుకోమన్నాడు. జనం మెచ్చుకున్నారు. ఆదివారాల సభ మళ్లీ నిండింది. ప్లీడరు వచ్చి, ఆనాడు తొందరపడి నవ్వినందుకు క్షమించమన్నాడు. బంగారు తొడుగులు చేయించుకునే డాక్టర్లు ముందు బంగారం పంపడం మానేశారు, తరవాత పళ్లు పంపడం కూడా మానేశారు. దొంగ చేతికి బంగారం ఎవరిస్తారు?

పళ్లాయన గది ఖాళీ చేయాల్సి వచ్చింది. సామాను దించే ముందు, బావ బయటికి వెళ్లిన సమయం చూసి, అక్క దగ్గరికి వెళ్లాడు.

"డాక్టర్లకైనా నిజం చెప్పక్కా. నీ మాటైతే నమ్ముతారు."

"చెబితే ఆయన చెవిన పడదా?"

"నా బతుకు పోయిందే."

అక్క కౌంటరు మీది అద్దాలు తుడిచింది. ఒక్కొక్కటీ డబ్బాలో పెట్టి, మూత వేసింది.

"మెట్లెక్కి వచ్చి అడిగాడు కదరా. ఒక్కసారి కాదు. అప్పుడు నీ నోట్లో నాలుక లేదా?"

అంతలో ఎవరో ముసలావిడ చూపు ఆనడం లేదంటూ లోపలికి వచ్చింది. "రండమ్మా, కూర్చోండి, ఆయన ఇప్పుడే వచ్చేస్తారు" అని అక్క కుర్చీ జరిపింది. పళ్లాయన కాసేపు నిలబడ్డాడు. తనకు కుర్చీ వెయ్యదని అర్థమయ్యాక పైకి వెళ్లి, మిషను విప్పడం మొదలుపెట్టాడు.