మలుపు దగ్గర సున్నా

రజినికి నంద్యాలలో బట్టల కొట్లో పని. సాయంత్రం ఆళ్ళగడ్డ బస్సెక్కి, దారిలో తన ఊరి మలుపు దగ్గర దిగి నడిచి వస్తుంది. ఆ దారిలో దీపం లేదు. బండ్ల మీద వచ్చి మెడలో గొలుసులు తెంపుకుపోతున్నారని ఊరంతటికీ తెలుసు. నెలాఖరుకి పని మానేయమన్నాడు తండ్రి దాసరయ్య. మలుపు దగ్గర సాయంత్రాలు ఒక పోలీసు నిలబడితే మాత్రం పోవచ్చన్నాడు.

పోలీసును అడగాలంటే లెక్క కావాలి. ఆ మలుపు దగ్గర మూడేళ్ళలో ఎన్ని దొంగతనాలు జరిగాయో చెప్పమని రజిని సమాచార హక్కు కింద అర్జీ పెట్టింది. జవాబు వచ్చింది. సున్నా.

ఆదివారం ఆ కాగితం పట్టుకుని తల్లి భూదేవితో స్టేషన్‌కి పోయింది. హెడ్ కానిస్టేబుల్ సుందరరాజు టీ తాగుతున్నాడు.

"సున్నా ఏందీ సార్? మా అమ్మ గొలుసు తెంపింది యాడ? ఆడ కాదా?"

"కేసు యాడుంది పాపా? కేసు లేకుంటే లెక్కలోకి రాదు. లెక్కలో లేని చోటికి మనిషిని పంపలేం."

"కేసు ఎందుకు కట్టలే?"

"మీ అమ్మనే అడుగు."

భూదేవి తల దించుకోలేదు. "దొంగ దొరికినాడు, గొలుసు ఇచ్చినాడు. కోర్టుల చుట్టూ యాడ తిరుగుతావ్, రాజీ అయిపో అన్నారు మీరే. సంతకం పెడితి."

అదే మలుపు దగ్గర గొలుసులు తెంపించుకున్న రామసుబ్బమ్మదీ అంతే, కృష్ణమ్మదీ అంతే. గొలుసు దొరికితే రాజీ. దొరక్కపోతే అర్జీ తీసుకుని ఇంటికి పంపడం. స్టేషన్‌కి మంచి పేరు, ఊళ్ళో గొడవ లేదు. సున్నా పైనుంచి ఊడిపడలేదు, అందరూ కూర్చుని తయారు చేసిందే. ఇప్పుడది రజిని కూటికి అడ్డం వచ్చింది.

"ఇప్పుడు కట్టు సారూ," అంది భూదేవి.

"రెండేండ్లాయె. గొలుసు నీ మెడలోనే ఉండాది. ఏం పోయిందని కట్టాలమ్మా?"

"ఓహో, మెడలో ఉంటే దొంగతనం కాదా? అయితే ఈడ్నే పెట్టి పోతా. మీరే దాచిపెట్టుకోండి." భూదేవి తాళిబొట్టు గొలుసు మీద చెయ్యి వేసింది.

సుందరరాజు గ్లాసు వదిలేసి లేచాడు. "ఏయ్, తీయాకమ్మా! స్టేషన్లో తాళి తీస్తావా? నీకు దండం పెడతా, కూర్చో!"

"నువ్వు రాస్తాంటే నేనెందుకు తీస్తా?"

సుందరరాజు లోపలికి పోయి ఎస్సైతో ఏదో మాట్లాడి వచ్చాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు. "చెప్పు. యాడ, ఎప్పుడు, ఎట్ల జరిగిందో."

భూదేవి చెప్పింది, అతను రాశాడు. నకలు చేతికొచ్చేదాకా ఆమె బెంచీ మీది నుంచి కదల్లేదు.

"ఒక్క కేసుకి మనిషిని వెయ్యరు పాపా. ఇంగా కావాల," అన్నాడు సుందరరాజు రజినితో, మెల్లగా.

రజిని అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది. "రామసుబ్బత్తా, యాడుండావ్? ఆటో ఎక్కి స్టేషన్‌కి రా. కృష్ణమ్మను గూడా తోడుకోని రా. ఆఁ, గొలుసులు ఏసుకోనే రాండి."