చీమకు పట్టని కారు

ఆ పిల్లను అందరూ చీమ అనేవారు. నలుగురిలో నిలబడితే కనిపించదు. కారులో కూర్చుంటే హెల్మెట్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ పేరు పెట్టింది మేనమామ. ఆయన ఒక రేసు షెడ్డులో మెకానిక్. ఆ షెడ్డు యజమాని ఆ ఏడాది జూనియర్ పోటీలకు చీమను తీసుకున్నాడు.

జూనియర్ పోటీలంటే ఒక్క మనిషి పట్టే కార్లు. చక్రాలు నాలుగూ బయటే ఉంటాయి. మధ్యలో పడవ లాంటి పెట్టె, అందులో కాళ్ళు చాపి పడుకున్నట్టు కూర్చుని నడపాలి. అందరికీ ఒకే ఇంజను, ఒకే టైర్లు. కారూ మనిషీ కలిసి ఇంత బరువుకు తగ్గకూడదని నియమం. చీమ మరీ తేలిక కాబట్టి మామయ్య కారు అడుగున సీసం బిళ్ళలు బిగించాడు.

"నీకన్నా ఈ సీసమే ఎక్కువ బరువుందే," అన్నాడు.

"సీసానికి స్టీరింగు తిప్పడం రాదుగా," అంది చీమ.

సీటు కూడా మామయ్యే పోశాడు. పెట్టెలో ప్లాస్టిక్ సంచి పరిచి, దాని మీద చీమను కూర్చోబెట్టి, రెండు మందులు కలిపి సంచిలో పోశాడు. అది పాలు పొంగినట్టు పొంగి నడుము చుట్టూ, వీపు చుట్టూ ఎక్కి గట్టిపడింది. వేడికి వీపు చురుక్కుమంటున్నా చీమ కదలలేదు. ఆరిన తరువాత అది ఆమె ఒంటికి అచ్చు. ఇంకెవరు కూర్చున్నా కుదరదు.

ఏడాది చివర మొదటి మూడు స్థానాల్లో నిలిచినవాళ్ళను పై తరగతి జట్లు పిలుస్తాయి. పై తరగతి కార్లు పెద్దవి. నాలుగోవాడి పేరు ఎవరూ అడగరు.

మొదటి సగం బాగానే నడిచింది. ఒకటి గెలిచింది, ఒకసారి గోడకు తగిలింది, మిగతావాటిలో ముందు వరసలోనే వచ్చింది. ఆ తరువాత సెలవులొచ్చాయి. సెలవుల్లో చీమ పెరిగింది. పెరగడమంటే అలా ఇలా కాదు, వాన పడ్డాక వెదురు లేచినట్టు లేచింది.

వాళ్ళమ్మ సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ నుంచి వచ్చి చీమ పాంటు అంచు విప్పి కిందికి దించి కుట్టేది. కుట్టిన దారం మాయకుండానే మళ్ళీ చీలమండలు బయటపడేవి.

"అంతా మా అమ్మ పోలిక," అని మురిసిపోయేది. "మీ అమ్మమ్మ వస్తుంటే గుమ్మమే తల వంచుకునేది."

"కొన్నాళ్ళు ఆగమని చెప్పమ్మా మీ అమ్మతో. ఈ ఏడాది గడవనీ."

చీమ తిండి తగ్గించింది. తినకపోతే ఎదుగుదల ఆగుతుందని ఆమె లెక్క. అమ్మ రెండు పూటలు ఊరుకుంది. మూడో పూట కంచం ముందుకు తోసింది.

"డీజిల్ పొయ్యకపోతే బస్సు పొట్టిదవుతుందటే? ఆగిపోతుంది, అంతే. తిను."

చీమ తింది. పెరుగుతూనే ఉంది. ఆమె పెరిగిన కొద్దీ సీసం తరిగింది. ప్రతి పోటీకి ముందూ మామయ్య ఒక బిళ్ళ విప్పి షెడ్డు కిటికీలో పెట్టేవాడు. చివరికి కారులో ఒకటే మిగిలింది.

పోటీలు జరిగే ట్రాక్ చివర ఒక మలుపుంది. వచ్చిన దారినే వెనక్కి తిరిగిపోయేంత మలుపు. స్టీరింగు పూర్తిగా తిప్పితే గాని కారు తిరగదు. ఆఖరి పోటీకి ముందు పోటీలో చీమ అక్కడ స్టీరింగు తిప్పింది. సగంలో అది మోకాలికి తగిలి ఆగిపోయింది. కారు తిన్నగా ఇసుకలోకి పోయింది. సర్దుకుని వచ్చేలోగా ఇద్దరు దాటిపోయారు.

"ఏమైందే?" అన్నాడు మామయ్య.

"ముందు టైరు జారింది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు టైరు మీదికి తోసేసింది. మామయ్య టైరు చూశాడు. తరువాత వంగి స్టీరింగు కింద చూశాడు. అక్కడ చీమ రేసు సూటు దారప్పోగులు అంటుకుని ఉన్నాయి.

"ఈ టైరుకి మోకాళ్ళు కూడా ఉన్నాయే," అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చీమ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు మామయ్యా."

"నేను చెప్పను. నీ కాళ్ళే చెప్తాయి."

చెప్పాయి. రెండు రోజులకి యజమాని కబురు పెట్టాడు. షెడ్డు పైన ఆయన గది. లోపల పాత టైరు మీద అద్దం వేసి బల్లగా వాడుకుంటాడు. గుమ్మంలో నిలబడ్డ చీమను కింది నుంచి పైకి చూశాడు.

"చీమ కదా అని తీసుకున్నాను. ఒంటెవై కూర్చున్నావు."

"కూర్చోగలుగుతున్నాను కదండీ."

"కారు సాగదమ్మా. నీ తప్పని నేననను. ఆఖరి పోటీకి ఇంకో అబ్బాయిని పెడతాను. పొట్టివాడు, సరిగ్గా సరిపోతాడు. నువ్వు ఒంట్లో బాగాలేదని ఒక్క మాట చెప్పు. ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది."

చీమ అప్పుడు మూడో స్థానంలో ఉంది. పచ్చ హెల్మెట్ కుర్రాడొకడు ఆమెను ఆనుకునే ఉన్నాడు. ఆఖరి పోటీలో ఇద్దరిలో ఎవరు ముందొస్తే మూడో స్థానం వాళ్ళది. చీమ తప్పుకుంటే అతనిది.

"నా ఒంట్లో బాగానే ఉందండీ. మరీ బాగుండబట్టే పెరిగింది."

"నాలుక కూడా పెరిగింది."

"నేను కారులో పట్టనని పోటీల తనిఖీ ఆయన చెప్తే దిగిపోతాను. మీరు చెప్తే దిగను."

యజమాని కాసేపు కుర్చీ ఊపాడు. పోటీల్లో ఒక పరీక్ష ఉంది. ప్రమాదం వస్తే మనిషి చప్పున బయటపడగలగాలి. బెల్టులు విప్పి, స్టీరింగు ఊడదీసి, ఏడు సెకన్లలో కారు బయట నిలబడాలి. పొట్టివాళ్ళను అడగరు. అనుమానం ఉన్నవాళ్ళకే పెడతారు.

"సరే. ఆ పరీక్ష నేనే పెట్టిస్తాను. తప్పావా, ఆ అబ్బాయి హెల్మెట్ పెట్టుకుని పక్కనే ఉంటాడు. నెగ్గితే నేను నోరెత్తను."

"అలాగే పెట్టించండి," అంది చీమ.

కిందికొచ్చి కారెక్కి దిగింది. ఏడు దాటి పన్నెండయింది. మళ్ళీ ఎక్కింది, పదకొండు. మోకాళ్ళు రావు, నడుము రాదు. సాయంత్రానికి మోచేతులు దోక్కుపోయాయి. అమ్మ డ్యూటీ దిగి అదే ఖాకీ చొక్కాతో వచ్చి, డబ్బా మీద కూర్చుని చూసింది.

"నువ్వు లేవాలని చూస్తున్నావు," అంది. "ఇరుకు సీట్లోంచి లేవకూడదే. ముందు నడుం తిప్పాలి. కాళ్ళు వాటంతటవే వెంట వస్తాయి. రోజూ నేను దిగేది అలాగే."

"నీ సీట్లో నడుం తిరుగుతుంది. ఇది ఉడుంపట్టు పట్టుకుని..."

చీమ మాట మధ్యలో ఆపి సీటు వైపు చూసింది.

"మామయ్యా, రంపం ఇయ్యి."

మామయ్యకు అర్థమైంది. "వద్దే. అది నీ ఒంటికి పోసింది."

"ఆ ఒంటికి పోశావు. ఇప్పుడు ఈ ఒళ్ళుంది."

"అది లేకపోతే ఎముకలకి పెట్టె తగులుతుంది. రోడ్డు మీద గులకరాయి కూడా నీ వీపుకి లెక్క చెప్తుంది."

"చెప్పుకోనీ."

మామయ్య రంపం ఇచ్చాడు గాని చెయ్యి వెయ్యలేదు. తను పోసింది తను కొయ్యలేకపోయాడు. చీమే కోసింది. తెల్లటి పొడి పిండిలా రాలింది. వీపు దగ్గర వేలెడు మందం మాత్రం ఉంచింది. ఎక్కి కూర్చుంటే అడుక్కంటా దిగింది. మోకాళ్ళు కిందికి జారాయి. స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది. కొంచెం రాసుకుంది, కాని తిరిగింది.

మామయ్య అంచులకు గుడ్డ టేపు చుట్టాడు. తరువాత బరువు తూచి ఆఖరి బిళ్ళ కూడా విప్పేశాడు.

"ఇక నువ్వే సీసానివి," అన్నాడు.

ఆఖరి పోటీ పొద్దున తనిఖీ ఆయన వచ్చాడు. గుబురు మీసాల మనిషి, అట్టే మాట్లాడడు. పొట్టి అబ్బాయి హెల్మెట్ పెట్టుకునే నిలబడ్డాడు. యజమాని చేతులు కట్టుకున్నాడు. అమ్మ సెలవు పెట్టి వచ్చింది.

"ఇక కానీ," అని తనిఖీ ఆయన వాచీ నొక్కాడు.

బెల్టులు విడిపోయాయి. స్టీరింగు ఊడి వచ్చింది. చీమ లేవలేదు, నడుం తిప్పింది. కాళ్ళు వెంట వచ్చాయి. కుడికాలి ముందెముక మీద తోలు లేచింది. బయట నిలబడింది.

"గడువులోనే వచ్చింది," అన్నాడు తనిఖీ ఆయన.

"నొక్కడం కాస్త ఆలస్యమైందేమోనండీ," అన్నాడు యజమాని.

తనిఖీ ఆయన కనుబొమ్మలు లేచాయి. ఆయన నోరు తెరిచే లోపలే చీమ అంది.

"ఇంకోసారి నొక్కండి."

"నెగ్గావు కదే, ఊరుకో," అని గొణిగాడు మామయ్య.

"తరువాత ఎవరూ మాట అనడానికి మిగలకూడదు మామయ్యా."

ఎక్కి, బెల్టులు బిగించుకుని, స్టీరింగు పెట్టుకుంది. తనిఖీ ఆయన వాచీ తీసుకెళ్ళి యజమాని చేతిలో పెట్టాడు.

"ఈసారి మీరే నొక్కండి."

యజమాని నొక్కాడు. చీమ బయటికి వచ్చేసింది. ఆయన వాచీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అంకె చెప్పకుండా తిరిగి ఇచ్చేశాడు.

"ఎంతొచ్చింది?" అన్నాడు తనిఖీ ఆయన.

"చాలు," అన్నాడు యజమాని.

పొట్టి అబ్బాయి హెల్మెట్ తీసేశాడు.

పోటీ మొదలైంది. మామయ్య చెప్పింది నిజమే. రోడ్డు మీద ప్రతి గతుకూ తిన్నగా వెన్నులోకి వచ్చింది. సగం పోటీ అయ్యేసరికి నడుము కింద ఏముందో తెలియలేదు. పాదాలు మాత్రం పెడళ్ళ మీద వాటి పని అవి చేసుకున్నాయి. పచ్చ హెల్మెట్ వెనకే ఉన్నాడు. వెనక్కి తిరిగే మలుపు వచ్చినప్పుడల్లా ముక్కు దూర్చి చూసేవాడు. కిందటి పోటీలో ఆమె కారు అక్కడే ఇసుకలోకి పోవడం అతను కళ్ళారా చూశాడు. మళ్ళీ పోతుందని కాచుకుని ఉన్నాడు.

ఆఖరి చుట్టులో ఇక కాచుకోలేదు. ఆ మలుపులో ఆలస్యంగా బ్రేకు తొక్కి లోపలి వైపు నుంచి పక్కకు వచ్చేశాడు. ఆమె దారి ఇస్తుందనుకున్నాడు. చీమ స్టీరింగు తిప్పింది. అది మోకాలి మీది ఎముకకు తగిలింది. తగలనీ అని ఇంకా తిప్పింది. వచ్చిన జోరుకు అతని కారు మలుపు దాటి బయటికి జారిపోయింది. ఆమె కారు లోపలి నుంచి కోసుకుని ముందుకు వచ్చింది.

ఆ పోటీలో చీమది ఐదో స్థానం. పచ్చ హెల్మెట్‌ది ఆరు. ఏడాది మొత్తానికి చీమ మూడోది.

కార్లన్నీ వచ్చి ఆగాయి. అందరూ దిగారు. చీమ దిగలేదు. కాళ్ళు మొద్దుబారిపోయాయి. అమ్మ కంచె దాటి రాబోతే మామయ్య భుజం పట్టి ఆపాడు. యజమాని వచ్చి చెయ్యి చాపాడు.

"చెయ్యివ్వమ్మా, లాగుతాను."

"ఉండండి. నేనే వస్తాను."

చాలాసేపు పట్టింది. ముందు నడుం తిప్పింది. తరువాత ఒక కాలు చేత్తో ఎత్తి పెట్టుకుంది, తరువాత రెండోది. తనిఖీ ఆయన పక్కనే నిలబడి వాచీ తీసి జేబులో వేసుకున్నాడు.

"నిదానంగా రామ్మా. ఇప్పుడు నేను నొక్కలేదు."

నవ్వాడో లేదో మీసాల వెనక తెలియలేదు. చీమ నేల మీద నిలబడింది. యజమాని తల కాస్త ఎత్తి ఆమె ముఖం చూడాల్సి వచ్చింది.

మరునాడు పై తరగతి జట్టు మనిషి ఒకాయన వచ్చాడు. "నీ ఎత్తెంతమ్మా?" అని అడిగాడు.

"ఇవాళ్టిదా?" అంది చీమ.

ఆయన నవ్వాడు. చీమ ఒక్కటే షరతు పెట్టింది. సీటు మాత్రం మామయ్యే పొయ్యాలంది. వాళ్ళ షెడ్డుకు వెళ్ళి పెద్ద కారులో పెద్ద సంచి పరిచి, మామయ్య రెండు మందులూ కలిపాడు. చీమ కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాలివేళ్ళ ముందు ఇంకా చోటుంది.

"కదలకు," అన్నాడు మామయ్య.

"ఈసారి వదులుగా పొయ్యి."

"ఎంత వదులు?"

"అమ్మమ్మ పట్టేంత," అంది చీమ.